ఏ గోళీ, ఎన్నో నెల, ఎన్ని రోజులు

మా అత్తమ్మ దగ్గర మూత బిగుతుగా పట్టే ఒక స్టీలు డబ్బా ఉంది. ఒకప్పుడు అందులో వక్కలు, తమలపాకులు ఉండేవట. నేను కాపురానికి వచ్చేసరికే అది గోళీల డబ్బా అయిపోయింది. ఆమెది మర్రిగూడ వైపు ఊరు. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన తరం. మోకాళ్లు పూర్తిగా మడవలేదు, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా మా జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అని పిలుస్తుంది. ఆ పేరు వల్ల మా అత్తమ్మ నడుముకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాయి, కానీ ఒకసారి బిగుసుకున్న ఎముక ఏ నీళ్లకూ కరగదు. అందుకని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మా ఇంట్లో నొప్పి గోళీ అంటే ఉప్పు, పసుపు లాంటిది. ఎందుకు, ఎన్ని అని అడిగేవాళ్లు లేరు.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పానంటే, నాకు నడుము నొప్పి మొదలైనప్పుడు ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. నేనూ పడలేదు.

నేను మునుగోడు వైపు ఒక ఊళ్లో లెక్కల టీచర్ని. నల్లగొండ నుంచి రోజూ బస్సు. 2024 చివరలో నడుములో మొదలైన నొప్పి ఎడమ కాలి పిక్క దాకా కరెంటు తీగలా పాకేది. గడియారం సెంటర్ దగ్గర ఒక ఎముకల డాక్టరుకు చూపించుకున్నాను. ఎమ్మారై తీశారు. నాలుగో, ఐదో నడుము పూసల మధ్య డిస్కు కొంచెం జారి నరాన్ని నొక్కుతోందని చెప్పి మూడు రకాలు రాశారు. ఒకటి ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసినది, నొప్పి బాగా ఉన్నప్పుడు. రెండోది రాత్రి పూట ప్రెగాబాలిన్ 75 మిల్లీగ్రాములు, నరానికి. మూడోది ట్రామడాల్, పారాసెటమాల్ కలిసినది, పొద్దున, రాత్రి. ఈ మూడోది ఇచ్చేటప్పుడు మెడికల్ షాపు అతను చీటీని రెండుసార్లు చదివి, పేరు, ఫోను నంబరు పుస్తకంలో రాసుకున్నాడు. ట్రామడాల్‌ను 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారని తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం, ఊరంతా చూస్తుండగా సారా ప్యాకెట్టు కొంటున్నట్టు తలదించుకుని నిలబడ్డాను.

మాకు పెళ్లై ఆరేళ్లు. పిల్లలు లేరు. హైదరాబాదు తిరిగి, పరీక్షలు చేయించుకుని, ఇక చాలని ఏడాది ముందే వదిలేశాం. కాబట్టి ఆ ఎముకల డాక్టరు నీకు నెలసరి ఎప్పుడమ్మా అని అడగలేదు, పిల్లలు కావాలనుకుంటున్నామని నేనూ చెప్పలేదు. తప్పు ఎవరిదని ఇప్పటికీ ఒక్కోరోజు ఒక్కోలా తీర్పు చెప్పుకుంటాను. ముప్పై దాటిన పెళ్లైన ఆడమనిషికి ట్రామడాల్ రాసేముందు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది అన్నది మాత్రం ఏ రోజూ మారదు.

2025 మార్చి చివర, పదో తరగతి పరీక్షలు జరుగుతున్న రోజులు. ఇన్విజిలేషన్ డ్యూటీలో నిలబడితే కళ్లు తిరిగాయి. నెలసరి రెండు వారాలు దాటిందన్న సంగతి అప్పుడు తట్టింది. ఇంటికొచ్చి పరీక్ష చేసుకుంటే రెండు గీతలు. మా ఆయన ఆ ప్లాస్టిక్ ముక్కను బల్బు కిందికి తీసుకెళ్లి, తలకిందులుగా కూడా తిప్పి చూశాడు. ఆ సాయంత్రం ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. రాత్రి భోజనమయ్యాక అలవాటుగా గోళీల కవరు తెరిచాను. అక్కడ ఆగిపోయింది నవ్వు.

మూడు నెలలుగా వేసుకుంటున్నాను. కడుపులో పడ్డాక కూడా దాదాపు నెలరోజులు వేసుకున్నాను. ఆ కవరు మొత్తం తీసుకెళ్లి చెత్తబుట్టలో పారేశాను. ఆ రోజు నాకు అదే అన్నిటికన్నా తెలివైన పనిగా తోచింది.

తరవాతి నాలుగు రోజులు నేను మనిషిని కాదు. నిద్ర లేదు. ఏప్రిల్ ఇంకా రాకుండానే ఒళ్లంతా చెమటలు, మళ్లీ వెంటనే చలి. చేతులు వణికి బోర్డు మీద చాక్‌పీసు విరిగిపోయేది. వాంతులు. కారణం లేని భయం, ఎవరో వెనక నిలబడినట్టు. దేవరకొండలో ఉన్న మా అమ్మకు ఫోను చేస్తే, కడుపుతో ఉన్నప్పుడు అంతేనమ్మా, నీ అప్పుడు నేను ఐదు నెలలు మంచం దిగలేదని చెప్పింది. వేవిళ్లు ఇంత ఘోరంగా ఉంటాయా అనుకున్నాను. ఆడవాళ్లకు వచ్చే ప్రతి బాధకూ ముందే ఒక పేరు సిద్ధంగా ఉంటుంది, అందులో చేర్చేస్తే ఇక వెతకాల్సిన పని ఉండదు.

ఐదో రోజు గైనిక్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. మా ఆయన జేబులోంచి ఆ గోళీల కవరు తీసి టేబుల్ మీద పెట్టాడు. చెత్తబుట్టలోంచి ఆ రాత్రే తీసి దాచాడట. ఆరేళ్ల కాపురంలో ఆయన చేసిన మంచి పనుల పట్టిక వేస్తే ఇది పైవరసలో ఉంటుంది. ఎందుకంటే డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఏ గోళీలు అని. నేనైతే ఒకటి తెల్లది, ఒకటి పొడుగుది, ఒకటి క్యాప్సూల్ అని చెప్పేదాన్ని.

ఆవిడ ఒక్కో స్ట్రిప్పు తిప్పి, పెద్ద అక్షరాల పేరు వదిలేసి, కింద చీమ కాళ్లంత అక్షరాల్లో ఉన్నది చదివారు. తరవాత నన్ను చూసి, "ఎప్పుడు మానేశావమ్మా?" అన్నారు.

"తెలిసిన రోజే మేడమ్. ఒక్కసారే అన్నీ."

నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. చెమటలు, వణుకు, నిద్ర లేకపోవడం, భయం, ఇవన్నీ నేను చెప్పకముందే ఆవిడే చెప్పారు. ట్రామడాల్, ప్రెగాబాలిన్ లాంటివి నెలల తరబడి వేసుకున్నాక ఒంటికి అలవాటవుతాయని, గర్భం వచ్చిందని తెలిసినా వాటిని దిగ్గున ఆపకూడదని, డాక్టరు చెప్పిన లెక్కన మెట్లు దిగినట్టు తగ్గించుకుంటూ రావాలని అన్నారు. "నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే నేనే తగ్గించేదాన్ని. ఇప్పుడు గట్టి రోజులు దాటేశావు, మళ్లీ మొదలుపెట్టే పని లేదు. కానీ ఇది నీకు కుదిరింది కదా అని ఇంకొకరికి చెప్పకు." అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను చేసినట్టు చేయకండి.

ఇక నేను అడగలేక అడిగిన ప్రశ్న. బిడ్డకు ఏమైనా అవుతుందా?

ఆవిడ ఏమీ కాదు అనలేదు. అలా అని ఉంటే ఆ రోజుకు హాయిగా ఉండేది, కానీ మర్నాటి నుంచి నమ్మేదాన్ని కాదు. ఒక కాగితం తీసుకుని మూడు పేర్లు రాశారు. ట్రామడాల్‌తో అసలు చిక్కు చివరి నెలల్లో, రోజూ చాలాకాలం వాడితే అని చెప్పారు. కడుపులో బిడ్డకూ ఆ మందు అలవాటై, పుట్టగానే అది అందక ఆగకుండా ఏడవడం, వణకడం, పాలు పట్టకపోవడం, ఊపిరికి ఇబ్బంది రావచ్చు. మొదటి వారాల్లో వేసుకుని ఆపేసినదానికి ఆ భయం లేదు. ఎసిక్లోఫెనాక్ గీత పక్కన 20 వారాలు అని రాసి సున్నా చుట్టారు, దీని సంగతి తరవాత అన్నారు. ప్రెగాబాలిన్ దగ్గర కొంచెం ఆగారు. డెన్మార్క్, ఫిన్లాండ్, నార్వే, స్వీడన్ దేశాల లెక్కలు కలిపి చూస్తే, మొదటి మూడు నెలల్లో అది వాడినవాళ్ల పిల్లల్లో పుట్టుకతో వచ్చే పెద్ద లోపాలు 100కు సుమారు 6 కనిపించాయని, వాడనివాళ్లలో అవి సుమారు 4 అని చెప్పారు.

నేను లెక్కల టీచర్ని. 4కు 6 అంటే ఒకటిన్నర రెట్లు. అదే లెక్కను ఇంకోవైపు నుంచి చూస్తే 96కు బదులు 94. రెండూ ఒకే నిజం. ఆ రాత్రి నిద్ర పట్టనప్పుడల్లా ఒకటిన్నర రెట్లు గుర్తొచ్చేది, తెల్లారి బస్సులో కూర్చున్నాక 94 గుర్తొచ్చేది. మందు ఏదీ వాడనివాళ్లకు కూడా ఆ 4 ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. మందులు ముట్టకపోతే సున్నా అనుకునేదాన్ని.

ఫోనులో వెతికిన పాపం కూడా ఒప్పుకోవాలి. ప్రతి మందుకూ ఎ, బి, సి, డి, ఎక్స్ అని గ్రేడులు కనిపించాయి. పరీక్ష పేపర్లు దిద్దే చేతులు కదా, గ్రేడు కనిపిస్తే చాలు నమ్ముతాను. ట్రామడాల్‌కు సి. అంటే పాసేనా? మరుసటిసారి డాక్టరమ్మను అడిగితే, ఆ అక్షరాలు పెట్టిన అమెరికా వాళ్లే 2015 నుంచి వాటిని తీసేస్తూ వచ్చారని నవ్వారు. జనం వాటిని నాలాగే మార్కుల్లా చదివారట. ఏ నెలలో, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది లేకుండా ఒక అక్షరం దేనికీ పనికిరాదని ఆవిడ మాట.

అక్కడి నుంచి వేసవంతా పారాసెటమాల్ ఒక్కటే. నొప్పి తట్టుకోలేనప్పుడు 650 ఒకటి, రోజులో మూడు దాటకూడదు, వరసగా మూడు రోజులు కావాల్సి వస్తే ఫోను చేయాలి. జలుబు గోళీల్లోనూ అదే మందు దాగి ఉంటుంది కాబట్టి వాటినీ లెక్కలో వేసుకోవాలి. ఒక నోటుబుక్కులో తేదీలు రాసుకున్నాను. ఫిజియోథెరపీ, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని ఎడమవైపు పడుకోవడం, నడుముకు బెల్టు, వేడినీళ్ల సంచి. ఇవన్నీ మీకు ఎవరైనా చెబుతారు. అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం, మా హెడ్మాస్టరు నాకు కింది అంతస్తులో తరగతులు వేసి, బోర్డు పక్కన ఒక ఎత్తు కుర్చీ వేయించడం. నొప్పి పోలేదు. సగానికి తగ్గింది, దానితో బతకవచ్చు.

జూన్‌లో టిఫా స్కాను, బిడ్డ అవయవాలన్నీ ఒక్కొక్కటిగా చూసేది. సంతకాలు పెట్టించుకుని, ఆడా మగా అడగకూడదని గోడ మీద రాసిన బోర్డు చూపించి లోపలికి పంపారు. నాకు ఆడైనా మగైనా ఒకటే, ఆ డాక్టరు నోరు విప్పితే చాలనిపించింది. దాదాపు అరగంట, ఒక్క మాట లేదు. వెన్ను, గుండె, పెదవి, వేళ్లు. తెరమీద ఏదో కొలుస్తారు, మళ్లీ కొలుస్తారు. చివరకు జెల్లు తుడుచుకోమని టిష్యూ ఇచ్చి, "అన్నీ బాగున్నాయమ్మా" అన్నారు. ఆ మాట విని ఏడ్చాను. బయట కూర్చున్న మా ఆయన నా ముఖం చూసి తనూ ఏడుపు మొదలుపెట్టాడు, ఎందుకో తెలియకుండానే.

ఆ ధైర్యంతో నాకు తల పొగరెక్కింది. మా బడిలోనే ఇంకో టీచరు, నాకంటే నెల వెనక గర్భిణి. ఆమెకు మొదటి కాన్పులో బీపీ పెరిగి చాలా ఇబ్బంది అయింది. ఈసారి డాక్టరు చిన్న మోతాదు ఆస్పిరిన్ రాశారు. నేను ఆ స్ట్రిప్పు చదివి, ఆస్పిరిన్ కూడా నొప్పి గోళీల జాతిదేనని, కడుపుతో ఉన్నప్పుడు విషమని చెప్పి, ఆమె చేత రెండు రోజులు మాన్పించాను. ఆమె భర్తకు అనుమానం వచ్చి డాక్టరుకు ఫోను చేస్తే అక్కడ ఉతికి ఆరేశారట. బీపీ ముప్పు ఉన్నవాళ్లకు మూడు నెలలు దాటాక ఆ చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను కావాలనే ఇస్తారు, మానితేనే ముప్పు. తలనొప్పికి వేసుకునే మోతాదు వేరు, ఇది వేరు. ఒకే మందు, రెండు పనులు. ఆమె నాతో వారం రోజులు మాట్లాడలేదు. న్యాయమే.

అంత తెలిసినదాన్ని కదా, ఇక అసలు తప్పు నేనే చేశాను.

శ్రావణమాసం, అమ్మ దగ్గర పది రోజులు ఉందామని దేవరకొండ వెళ్లాను. 25వ వారం. రెండో రాత్రి కింది దవడలో చివరి పన్ను లేచింది. నడుము నొప్పి దీని ముందు చెల్లెలు. పారాసెటమాల్ వేస్తే గోడకు సున్నం వేసినంత కూడా తెలియలేదు. మూడో రోజు మా వీధిలో వైద్యం చేసే ఒకాయన దగ్గరికి అమ్మ తీసుకెళ్లింది. నేను గర్భిణినని చెప్పాను. ఎన్నో నెల అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. "ఇది మంచి గోళీనే అమ్మా, కడుపుతో ఉన్నవాళ్లకు ఎంతమందికి ఇచ్చానో" అంటూ పది గోళీల స్ట్రిప్పు చేతిలో పెట్టాడు.

నేను చదవకుండా వేసుకోలేదు. చదివాను. పారాసెటమాల్ 325 అన్న మాట కనిపించింది, మనసు కుదుటపడింది. దానికి పై వరసలో ఉన్న మాటను కన్ను దాటేసింది. అది ఎసిక్లోఫెనాక్. ఎముకల డాక్టరు రాసిన మొదటి గోళీ, డాక్టరమ్మ సున్నా చుట్టిన గోళీ, ఇప్పుడు వేరే కంపెనీ పేరుతో, వేరే రంగు రేకులో నా చేతికి వచ్చింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. పన్ను అద్భుతంగా తగ్గింది.

నల్లగొండ వచ్చాక మామూలు స్కాను. ఉమ్మనీటి కొలత 5.8. ఐదు కంటే దిగితే తక్కువ అంటారు, నాది అంచున ఉంది. ముందుసారి అది 13. డాక్టరమ్మ వరసగా అడిగారు. నీరు పోతోందా, జ్వరం వచ్చిందా, బిడ్డ కదలికలు ఎలా ఉన్నాయి, బీపీ చూశారు. చివరకు, "ఏమైనా గోళీలు వేసుకున్నావా?"

"పారాసెటమాల్ అండీ, పన్నుకు" అన్నాను. నిజంగానే అలా అనుకుంటున్నాను. సంచిలో ఖాళీ స్ట్రిప్పు ఉంది, తీసి ఇచ్చాను. ఆవిడ పై వరస వేలితో చూపించారు.

ఆ రోజు ఆవిడ చెప్పినది ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఉమ్మనీరు అంటే నేను తల్లి ఒంట్లోంచి ఊరే నీరు అనుకునేదాన్ని. సగం నెలలు దాటాక అది చాలావరకు బిడ్డ మూత్రమేనట. బిడ్డ మింగుతుంది, పోస్తుంది, మళ్లీ మింగుతుంది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ జాతి గోళీలు తల్లి నొప్పిని ఏ పదార్థాన్ని అణచి తగ్గిస్తాయో, బిడ్డ మూత్రపిండాలకు రక్తం సరిగా అందడానికి అదే పదార్థం కావాలి. దాన్ని అణచితే మూత్రం తగ్గుతుంది, నీరు తగ్గుతుంది. నీరు మరీ తగ్గి అలాగే ఉంటే ఊపిరితిత్తుల ఎదుగుదలా దెబ్బతింటుంది. ఒక్కోసారి రెండు రోజుల వాడకానికే ఇది కనిపించవచ్చట. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో ఈ జాతి గోళీలను 20 వారాల నుంచే వాడవద్దని హెచ్చరించింది. అంతకుముందు ఆ గీత 30 వారాల దగ్గర ఉండేది. 30 వారాల గీతకు కారణం వేరు. బిడ్డ గుండె పక్కన ఒక చిన్న రక్తపు దారి పుట్టేదాకా తెరిచి ఉండాలి, చివరి నెలల్లో ఈ గోళీలు దాన్ని ముందే మూసేయగలవు. అంటే నెలలు నిండేకొద్దీ ఈ గోళీ ప్రమాదం పెరుగుతుంది. మా అమ్మ, నేను, ఆ వీధి వైద్యుడు, ముగ్గురం మొదటి మూడు నెలలు దాటితే ఇక ఫరవాలేదనే అనుకున్నాం.

గోళీ ఆపేశాను. వారం తరవాత కొలిస్తే 10.9. ఆపితే చాలామందిలో రోజుల్లోనే కోలుకుంటుందని ఆవిడ ముందే చెప్పారు, అయినా ఆ వారం నేను బిడ్డ ప్రతి కదలికకూ ఒక గీత గీసుకుంటూ కూర్చున్నాను. గోళీ వల్లే తగ్గిందా అని అడిగితే, "కచ్చితంగా దానివల్లే అని రాసివ్వలేను, దానివల్ల కాదని అసలే రాసివ్వలేను" అన్నారు.

పన్ను సంగతి చివరకు పళ్ల డాక్టరు దగ్గరే తేలింది. గర్భంతో ఉంటే పన్ను తీయరని మా వైపు గట్టి నమ్మకం. తీశారు. చిగురుకు లిగ్నోకెయిన్ మత్తు ఇంజెక్షను, 20 నిమిషాల పని, తరవాత అమాక్సిసిలిన్, పారాసెటమాల్. మధ్య నెలలు పళ్ల పనికి వీలైన రోజులని ఆయన చెప్పారు. అంటే చేయించుకోవాల్సిన పని చేయించుకోవడానికి భయపడి, వేసుకోకూడని గోళీ ధైర్యంగా వేసుకున్నానన్నమాట.

ఏడో నెలలో నడుము మళ్లీ పట్టింది. ఒక సాయంత్రం అత్తమ్మ తన డబ్బాలోంచి నొప్పి జెల్లు తీసి, నా వెనక కూర్చుని రాయబోయింది. ఆమె వేళ్లు పూర్తిగా చాచలేదు. ఆ వేళ్లతో నా నడుము పామడానికి వచ్చింది. ట్యూబు చూస్తే డైక్లోఫెనాక్. పైపూత కదా అని డాక్టరమ్మను అదివరకే అడిగి ఉన్నాను, చర్మం లోంచి కొంత ఒంట్లోకి పోతుంది, ఈ నెలల్లో అదీ వద్దన్నారు. ఇప్పుడు ఆ చెయ్యిని ఎలా ఆపాలి? "అత్తమ్మా, దీని వాసనకు నాకు వాంతి వస్తోంది, నువ్వుల నూనె పెట్టు" అన్నాను. అబద్ధమే. ఆమె నూనె వేడి చేసి, రాళ్ల ఉప్పు మూటతో కాపడం పెట్టింది. హాయిగా నిద్రపోయాను.

బతుకమ్మ మొదలైన మర్నాడు, సెప్టెంబరు 22న, అమెరికా అధ్యక్షుడు గర్భిణులు పారాసెటమాల్ వేసుకుంటే పిల్లలకు ఆటిజం వస్తుందన్నట్టు మాట్లాడిన వార్త వచ్చింది. తెల్లారేసరికి నా ఫోనుకు అదే వార్త పదకొండు మంది పంపారు. ఆస్పిరిన్ టీచరు కూడా పంపింది, పక్కన ఒక నవ్వు బొమ్మతో. నా నోటుబుక్కు తీసి లెక్కపెట్టాను. ఎనిమిది నెలల్లో 43. ఉన్న ఒక్క కర్రనూ ఎవరో లాక్కున్నట్టనిపించింది. రెండు రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి సంబంధం తేలలేదని ప్రకటించింది. స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలతో 2024లో వచ్చిన అధ్యయనం గురించి డాక్టరమ్మ చెప్పారు. అందులో ఒకే తల్లి పిల్లలను పోల్చారు, ఒక కాన్పులో వేసుకుని ఇంకో కాన్పులో వేసుకోని తల్లులు. అలా పోల్చేసరికి ఆ సంబంధం మాయమైంది. "జ్వరం 102 ఉన్నా గోళీ వేసుకోకుండా పడుకుంటావేమో, ఆ పని చేయకు. ఆ జ్వరం బిడ్డకు మంచిది కాదు" అన్నారు. అవసరమైనప్పుడు, తక్కువ మోతాదు, తక్కువ రోజులు. మార్చిలో చెప్పిన మాటే.

నవంబరులో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పాప, 2 కిలోల 900 గ్రాములు, గొంతు మా అమ్మది. ఆ రాత్రి మత్తు దిగి కుట్లు మండుతుంటే నర్సు ఇంజెక్షనుతో వచ్చింది. ఏమిటది అన్నాను. డైక్లోఫెనాక్ అంది. వద్దు, నేను వేయించుకోను, మేడమ్‌ను పిలవండి అని మంచం మీద నుంచి లేవబోయాను. ఆ అమ్మాయి నన్ను, ఉయ్యాలలో పాపను మార్చి మార్చి చూసి, "బిడ్డ బయటికి వచ్చేసింది కదక్కా" అంది.

నిజమే. తొమ్మిది నెలలు మోసిన భయాన్ని పాపతో పాటు కనడం మరిచిపోయాను. మర్నాడు డాక్టరమ్మ వచ్చి, పాలిచ్చే తల్లికి ఆ జాతి గోళీలు, పారాసెటమాల్ ఇబ్బంది లేదని, ఇప్పుడు వద్దనేది ట్రామడాల్, కోడీన్ లాంటివని, అవి పాలలోకి వచ్చి పసిబిడ్డ ఊపిరిని మందగింపజేయవచ్చని చెప్పారు. ఏది వేసుకోవచ్చు, ఏది కూడదన్న పట్టిక మళ్లీ తలకిందులైంది.

ఇరవై ఒకటో రోజు తొట్టెల వేశాక, ఒక మధ్యాహ్నం అత్తమ్మ స్టీలు డబ్బాను ఆమె ముందే మంచం మీద బోర్లించాను. ఆరు స్ట్రిప్పులు. చిన్న అక్షరాలు చదవడం ఇప్పుడు నాకు అలవాటే. మూడు వేరు వేరు పేర్లతో ఉన్నది ఒకటే ఎసిక్లోఫెనాక్. పొద్దున ఒక రంగు, రాత్రి ఒక రంగు వేసుకుంటూ రెండు మందులు అనుకుంటోంది. కిడ్నీ పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.7, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. ఆ మూడు ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్పులూ ఆపించి, డాక్టరు పారాసెటమాల్ రాశారు, దానితో పాటు నెల నెలా పరీక్ష.

ఆ రాత్రి కొత్త గోళీ అరచేతిలో పెట్టుకుని, దీపం దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది అత్తమ్మ.

"బిడ్డా, ఇది నాకు ఎన్నో నెల దాకా వేసుకోవచ్చు?"